కొసరుగా వచ్చిన కలువ మడుగు

మడుగు పూడ్చడానికి ఎర్రమట్టి లారీ వచ్చిన రోజు నేను దుకాణం తలుపులు వేసేసి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకెళ్లి లారీకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. ఆ రోజు సంత. సంత నాడు తలుపులు వెయ్యడం మా వంశంలో ఎవరూ ఎరగని పని. మా నాన్న, తన సొంత తల్లి పోయిందన్న కబురు వచ్చినప్పుడు కూడా ఒక రెక్కే మూసి, రెండో రెక్కలోంచి ఉల్లిపాయలు తూచిన మనిషి.

అరకు దాటి ముంచింగిపుట్టు వైపు పోయే రోడ్డు పక్కన మాదొక కిరాణా కొట్టు. నేను పుట్టిందీ పెరిగిందీ బస్తాల మధ్యనే. మాటలు రాకముందే తక్కెడ ముల్లు ఎటు మొగ్గిందో చెప్పేదాన్నని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. మా ఆయన కూడా కొట్టు నడిపే ఇంటి నుంచే ఇల్లరికం వచ్చాడు. పెళ్లిచూపుల్లో మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నామో లేదో గుర్తులేదు గానీ, వాళ్లు తెచ్చిన జీడిపప్పు ఏ రకమో నేను పసిగట్టడం మాత్రం గుర్తుంది. ఏ వస్తువు చూసినా ముందు దాని ధర, తర్వాత దాని అందం కనిపించే కళ్లు నావి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. కొందరికి చత్వారం వస్తుంది, నాకు ఇది వచ్చింది.

కొట్టున్న నేల మాది కాదు. ఏజెన్సీలో మైదానం వాళ్లకి నేల ఉండదు, చట్టం ప్రకారం ఉండకూడదు కూడా. రోడ్డు మీద ముందు గది, వెనక సరుకు గది, ఆ వెనక ఊట మడుగు, అన్నీ ఒక కొండ కుటుంబానివి. మా నాన్న పెళ్లికి ముందే మైదానం నుంచి మూటలు మోసుకుంటూ వచ్చి ఆ గదులు అద్దెకు అడిగాడు. ఇంటి యజమానురాలు నాన్నకంటే కొంచెం పెద్దది. నాన్న ఆమెను అప్పా అనేవాడు, అంటే అక్కా అని. అందుకని నాకు అత్త అయింది. ముక్కుకి మూడు బులాకీలు, నోట్లో ఎప్పుడూ, నిప్పు లోపలికి పెట్టుకున్న అడ్డచుట్ట.

అద్దె బేరం పొద్దున్న మొదలై మధ్యాహ్నం దాకా సాగిందట. నాన్న తగ్గించగలిగినంతా తగ్గించాడు. అంతా కుదిరి, తాంబూలం నోట్లో పెట్టుకున్నాక, అలవాటు చొప్పున ఆయన నోరు జారింది.

"అప్పా, మరి కొసరో?"

వంకాయలు కొంటే రెండు మిరపకాయలు కొసరు. చింతపండు కొంటే ఒక పిడికెడు కొసరు. తూకం అయ్యాక చెయ్యి చాపి ఆ కాస్తా వేయించుకోకపోతే కొన్నట్టే ఉండదు మావాళ్లకి. కానీ ఇంటి అద్దె మీద కొసరడిగిన మనిషి బహుశా భూమ్మీద మా నాన్న ఒక్కడే. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారట. అత్త చుట్ట తీసి, ఉమ్మేసి, అందరూ వినేలా అందట:

"అద్దిల్లుకి కొసరేటి సావుకారీ! సరే, అడిగినావు. నేదనకూడదు. ఎనకాల మడుగున్నాది, అది తీస్కో. నీల్లు, బురద, కప్పలు, కలవపూలు, అన్నీ నీయే."

నవ్వులాటకే అంది. అయితే కొసరుకి రెండు ధర్మాలున్నాయి. ఇస్తానంటే వద్దనకూడదు. ఇచ్చాక వెనక్కి తీసుకోకూడదు. అది అత్తకీ తెలుసు, నాన్నకీ తెలుసు, నవ్వినవాళ్లందరికీ తెలుసు. అలా మడుగు మాదైంది. నాన్న పేరు కప్పల షావుకారైంది. చాలా సంతలు అయ్యాక కూడా ఉప్పు కొనడానికి వచ్చినవాళ్లు, "సావుకారీ, కప్పలెలాగున్నాయి?" అని అడిగాకే ఉప్పు అడిగేవారు.

కలువ చంద్రుణ్ణి చూసి పూస్తుందని బడిలో పద్యం చెప్పారు. మా మడుగులో ఉన్నది ఆ సంప్రదాయం కాదు. లేత నీలం పువ్వు. పొగమంచు విడిపోయి, ఎండ కాస్త పైకెక్కాక తీరిగ్గా తెరుస్తుంది. మనుషులు మధ్యాహ్నం తిని, కునుకు తీసి లేచేసరికి కొట్టు కట్టేస్తుంది. చంద్రుడితో దానికి ఏ వ్యవహారమూ లేదు. నాలుగు రోజులు అలా తెరిచి మూసి, పూత అయిపోగానే కాడను వంచి కాయను నీళ్లలోకి లాక్కుంటుంది, మంచి ధర వచ్చేదాకా సరుకు లోపల దాచుకునే షావుకారిలా. ఆ ఒక్క గుణమే నాన్నకి దానిలో నచ్చింది. మిగతాదంతా చూసి తిట్టేవాడు.

"దీని మొకం, ఇది గానీ కొట్టెడితే రెండో సంతకి దివాలా. మనం తెరిసినాక తెరుత్తాది, మనం తినీసరికి కట్టేత్తాది."

అయినా వచ్చిన సరుకును వదిలే జాతా మాది! పూలు కోయించి జీపులో అరకు పంపాడు. దిగేసరికి బుట్టనిండా మూసిన గొడుగులు. ఆకుల్లో బెల్లం చుట్టి ఇచ్చాడు. బెల్లం చెమ్మెక్కి ఆకును తినేసింది, ఆకు వాడి బెల్లాన్ని వదిలేసింది. కాడలు కట్టలు కట్టి కూరకని సంతలో పెట్టాడు. ఆడవాళ్లు వాటిని చూసి, "మా గెడ్డ నీల్లలో ఊరికే కోసుకుంతాం, నీకాడ కొనాలేటి?" అని ఒక కట్ట నవ్వుతూ పట్టుకుపోయారు, కొసరని. ఆఖరికి చేపలు పెంచుదామని మొక్కంతా పీకించి గట్టు మీద ఎండేశాడు. తొలకరి పడగానే రాగి రంగు చిట్టి ఆకులు మళ్లీ నీటిమీదకొచ్చి పడుకున్నాయి.

అత్త గట్టు మీద నిలబడి, "పైన పీకితే ఏటౌతాది? దుంప కిందున్నాది," అంది. ఆ రోజుతో నాన్న కలువతో వ్యాపారం మానేశాడు. మానేశాక, మధ్యాహ్నం తిన్నాక అరగంట ఆ గట్టు మీద గోనె పరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నావంటే కాపలా అనేవాడు. ఏ దొంగ కోసమో ఎప్పుడూ చెప్పలేదు.

నా చిన్నతనం అక్కడే గడిచింది. కలువ కాడను ఒక పక్క విరిచి, ఇంకో పక్క విరిచి, తోలు తెగకుండా పొడుగ్గా సాగదీస్తే ముత్యాల దండలా వస్తుంది, చివర పువ్వు పతకం. అలాంటి దండలు మెడనిండా వేసుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, "నగలు తడిసిపోతన్నాయి సావుకారమ్మా," అని కొనేవాళ్లు ఏడిపించేవారు. చలికాలం చివర, నీళ్లు మోకాలికి దిగాక అత్త వచ్చేది. చీర పైకి దోపుకుని మడుగులోకి దిగి, వంగకుండానే కాలివేళ్లతో బురదలో దుంపలు వెతికేది. మొహం ఆకాశం వైపు ఉండేది, కళ్లు కాళ్లకి ఉండేవి. దుంపలు గట్టుమీదకి విసిరాక వాటిని నిప్పుల్లో కాల్చి, నల్ల తోలు ఒలిచి నాకు పెట్టేది. ఉడకబెట్టిన చిలగడదుంపకీ వేరుశనక్కాయకీ మధ్య రుచి. మడుగు మాదైనా దుంపలు తియ్యడానికి ఆమె ఎవర్నీ అడగలేదు, నాన్న ఎప్పుడూ కాదనలేదు.

గట్టెక్కే ముందు ఒక పని చేసేది. ఏరిన వాటిలోంచి చిట్టి దుంపలు కొన్ని తీసి, మళ్లీ బురదలోకి మడమతో నొక్కేది.

"అదేటత్తా, తీసినవి మళ్లీ ఎందుకు?"

"మడుగు కొసరడగదేటే గుంటా? మనమే అడగాలేటి?"

ఈ మాట చాలా ఏళ్లు నాకు తమాషాగానే ఉండేది. కొనేవాడు కొసరడగడం విన్నాను. ఇచ్చేవాళ్లకి కొసరివ్వడం ఎక్కడా వినలేదు.

నాన్న పోయాడు, తర్వాత అత్త పోయింది. అత్త కొడుకు వరసకి నాకు బావ. నాకంటే చిన్నవాడే అయినా, బావా అని పిలిస్తే ఇప్పటికీ మెలికలు తిరుగుతాడు. అందుకే పిలుస్తాను. మంచివాడు. రెండేళ్లుగా కాఫీ సరిగా కాయలేదు, మిరియం తీగలు ఎండాయి, కూతురు పట్నంలో నర్సింగు చదువుతోంది. మరోపక్క మా రోడ్డు మీద కార్లు ఎక్కువైపోయాయి. చలికాలం వస్తే వలిసె పూల పొలాల్లో ఫొటో దిగడానికి టిక్కెట్టు పెట్టి, పువ్వు కాయ కాకముందే పంట డబ్బు తీసుకునే రోజులొచ్చాయి. అలాంటి సీజన్లో, ఊరి చివర టెంట్లు వేసి బొంగు చికెన్ అమ్మే ఒక పట్నం ఆయన బావని పట్టుకున్నాడు.

ఆయన మొదట కలువల మధ్య పడవ వేసి ఫొటో పాయింట్ పెడదామన్నాడు. చూడ్డానికి సాయంత్రం వచ్చాడు. నీళ్ల మీద ఆకులు, ఆకుల మధ్య బిగించిన పిడికిళ్లలాంటి మొగ్గలు తప్ప ఏమీ లేవు.

"పూలేవి?"

"మూసేశాయి. రేపు పొద్దున్న రండి," అన్నాను.

"టూరిస్టులు వచ్చేదే సాయంత్రం కదా మేడమ్! కస్టమర్ వచ్చే టైముకి మూసేస్తే ఎలా?"

అచ్చం మా నాన్న మాటే. ఆయన ఒక్క క్షణం మడుగును చూసి, ఇంకో క్షణం రోడ్డు మీద బారులు తీరిన కార్లను చూసి, "అయితే పూడ్చేద్దాం. పార్కింగ్ చేద్దాం," అన్నాడు. బావ తలూపాడు.

వారం రోజులు నేను నా విద్యలన్నీ వాడాను. ముందు నవ్వి తీసిపారేశాను. తర్వాత టీ పోసి, చిన్నప్పుడు అత్త బావని గట్టుమీద కొట్టిన దెబ్బలు గుర్తుచేశాను. తర్వాత మాట్లాడకుండా ఊరుకున్నాను. పెద్ద బేరాల్లో మౌనానికి మించిన తూకం రాయి లేదు. బావ నాకంటే బాగా మౌనంగా ఉన్నాడు. ఆఖరికి మా అందరికీ తెలిసిన ఆఖరి ఎత్తు వేశాను. "సరే, నీ ఇష్టం," అని లేచి నడవడం మొదలుపెట్టాను. నాలుగడుగులు వేస్తే ఎవరైనా వెనక్కి పిలుస్తారు. వేశాను. పిలవలేదు. అయిదో అడుగు వెయ్యడానికి చోటు లేదు. ఎదురుగా మడుగు.

అందుకే సంతనాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. నేను చింతపండు గింజలు తియ్యడం మొదలుపెట్టాను. ఖాళీగా కూర్చుంటే మావాళ్లకి చేతులు దురదపెడతాయి. పసుపు బుట్టలతో, చీపురుకట్టలతో సంతకి పోతున్న జనం ఆగారు. టెంట్ల ఆయన వచ్చాడు, వెనక బావ, బావ వెనక అతని భార్య.

"మేడమ్, లేవండి. లారీకి వెయిటింగ్ పడుతోంది."

"పడనీండి. నాకూ పడతన్నాది, కొట్టు మూసి."

"ఈ స్థలం మీదా? కాగితం ఉందా?"

"కొసరుకి కాగితమేటయ్యా? మీరు టమాటాలు కొన్నప్పుడు, కొసరేసిన కొత్తిమీరకి రసీదడుగుతారేటి?"

జనం నవ్వారు. బావ నవ్వలేదు. "సావుకారమ్మా, లెగు. పని సెడతన్నాది. మడుగిచ్చినాది మాయమ్మ. అమ్మిప్పుడు నేదు."

"మా నాన్నా లేడు. కొసరున్నాది. అడిగినాయనా ఇచ్చినావిడా పోతే కొసరు సెల్లదా? అయితే సెప్పు బావా, ఇయాల్టి నుంచి ఈ సంతలో ఎవరిచ్చిన కొసరు వాళ్లు ఇంటికెళ్లి ఎనక్కి తెచ్చుకోవచ్చా?"

పసుపు బుట్ట దించుకుని నిలబడ్డ ఒక ముసలావిడ, "అలగెలాగ? అది తప్పు," అంది గట్టిగా. ఆవిడ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడకి నేను ఋణపడి ఉన్నాను, వసూలుకు ఇంతవరకూ రాలేదు.

బావ మొహం ఎర్రబడింది. "మీకేటి, కొట్టున్నాది. కారాగితే మీ సరుకే అమ్ముడౌతాది. కప్పల కోసం నానెందుకు డబ్బులొదులుకోవాల? బళ్లెట్టడానికి రోడ్డు కాడ సదునుగా ఇంకే జాగా ఉన్నాది, సూపెట్టు!"

ఆ మాట నాకు తగిలింది. నేల వాళ్లది, అవసరం వాళ్లది. మడుగు నా కొసరే కావచ్చు, కానీ నా కొసరు కోసం వాళ్ల పిల్ల చదువు ఆగాలనడం ఏ తక్కెడలోనూ నిలవదు. ఎదుటివాడి బేరం న్యాయమైనప్పుడు మావాళ్లు చేసే పని ఒకటే, గొంతు పెంచడం. నేనూ పెంచబోయాను. పెంచేలోగా అతని భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే, మొగుడి చెవిలో అన్నట్టు అందరికీ వినిపించేలా అంది: "మాయత్త అందరిలో ఇచ్చినాది. దుంపలు నాను ఇప్పటికీ తీత్తన్నాను. పూడ్సీసి పిల్లకేటి సెప్తావు?"

నేను రోడ్డు వైపు చూశాను. చదునైన జాగా కోసం చూశాను. ఉంది. రోడ్డుకి ఆనుకుని, మూలమలుపులో, రెండు వైపుల నుంచీ వచ్చే కార్లకి కనిపించేలా. సగం చోట మా ముందు గది, మిగతా సగం మా వాకిలి.

నోరు అప్పటికే తెరుచుకుంది. మా నాన్న నోరే అది.

"బావా, తూచిన సరుకు ఎనక్కి తీస్కో. కొసరు నాకు వదిలీ."

"ఏటన్నావు?"

"ముందు గది, వాకిలి నీకిచ్చెత్తాను. గది కొట్టీసి బళ్లెట్టుకో. ఎనకాల సరుకు గది సాలు నాకు. దాని తలుపు మడుగు వేపే కదా."

మా ఆయన వాకిట్లోంచి పరుగున వచ్చాడు, చేతిలో తూకం రాయితో సహా. "నీకేటి, మతి పోనాదా? రోడ్డు మొకం ఒగ్గీసి ఎనకాలెవులొత్తారే? సరుకిచ్చేసి కొసరుంచుకున్న బేరం ఎక్కడైనా ఉన్నాదా?"

"ఇప్పుడున్నాది," అన్నాను.

టెంట్ల ఆయన అప్పటికే అడుగులతో వాకిలి కొలుస్తున్నాడు. మడుగు కంటే ఇదే మేలని ఆయన మొహంలో కనపడుతోంది. దాన్ని కప్పిపుచ్చుకోవడం చేతకాని మనిషి, ఏం వ్యాపారం చేస్తాడో! బావ మాత్రం నన్నే చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు నిజెంగా అంతన్నావా, మాటొరసకా?" అన్నాడు.

"మా నాన్న కొసరడిగింది మాటొరసకే. సూడు ఎంత దూరమొచ్చిందో," అన్నాను.

బావ కిందకి చూసి నవ్వాడు. నన్ను మొదటిసారి మరదలా అన్నాడు. "లెగు మరదలా. కాలు తిమ్మిరెక్కుంతాది." డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "ఇంతకీ మట్టెక్కడ పొయ్యాలండీ?" అని అరిచాడు. మా వాకిలి గుంతల్లో పోశాడు. మా అమ్మ ముగ్గులేసిన చోట, నేను చూస్తుండగానే.

తర్వాత ఏమైందో దాచను. వ్యాపారం దెబ్బతింది. ఇప్పుడు మా కొట్టుకి రావాలంటే కార్ల మధ్య నుంచి పక్కకు తిరిగి, వెనక్కి నడిచి, గట్టు మీదుగా రావాలి. పాతవాళ్లు వస్తున్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు రావడం లేదు. మా ఆయన మూడు నెలలు నాతో సరుకుల పేర్లు తప్ప వేరే మాట మాట్లాడలేదు. విజయనగరంలో మా చుట్టాలకి నేనొక కథనైపోయాను. పిల్లలకి బేరం నేర్పేటప్పుడు, ఇలా చెయ్యకూడదని నన్ను చూపిస్తారట. సంతలో నా పేరు కప్పల షావుకారమ్మ. తండ్రి ఆస్తి కూతురికి రావడం న్యాయమే కదా. రానీండి. ఒక్కరోజు కూడా ఆ బేరం తిరగదోడాలనిపించలేదు.

నా చేతిమీదుగా వెళ్లిన ప్రతి వస్తువుకీ ఏదో ఒక ధర ఉంది. కొబ్బరికాయకుంది, దేవుడి పటానికుంది, ఏడుపుగొట్టు పిల్లాడికి పెట్టే చాక్లెట్టుకుంది. ఆ మడుగొక్కటే మా ఇంట్లో తూకమెక్కనిది. ఒకటైనా ఉండనిస్తారా లేదా అని నేను లోకాన్ని అడిగాను. ఉండనివ్వనంది. అయినా ఉంచాను.

కార్లు దిగినవాళ్లు కొందరు మొబైళ్లు పట్టుకుని వెనక్కి వస్తారు, సాయంత్రాలే. "ఆంటీ, పూలు ఎప్పుడు తెరుచుకుంటాయి?" "రేపు." "ఇప్పుడు ఒకటి తెరిపించలేరా?" "నా మాట మొగుడే వినడు, పువ్వెందుకు వింటుంది?" ఒకటి కోసి అమ్మమంటారు. అమ్మను. ఊరికే ఇమ్మంటారు. ఇవ్వను. కలువ కావాలంటే పొద్దున్నే లేచి రావాలి, గట్టుమీద నిలబడి చూడాలి, వెళ్లిపోవాలి.

టెంట్ల ఆయన ఏటా సీజను చివర్లో నా దగ్గరికొస్తాడు. కార్లు పెరిగాయట, చోటు చాలడం లేదట. జంక్షన్లో, రోడ్డు మొహాన, షట్టరున్న పెద్ద గది ఇప్పిస్తాడట. నేను వెంటనే కాదనను. కూర్చోబెడతాను, టీ పోస్తాను, షట్టరు ఎంత వెడల్పని అడుగుతాను. కరెంటు ఎవరిదంటాను. ఆయన దిగుతాడు, నేను మొహం మాడ్చుకుంటాను. ఇంకా దిగుతాడు. పక్కన మా ఆయన ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటాడు. గదికి రంగులు, బోర్డు, సామాను మోయడానికి మనుషులు, అన్నీ ఒప్పించాక, ఇంక దిగడానికి ఆయనకి మెట్టు మిగలకుండా చేశాక, "ఇవ్వను," అంటాను. బేరమాడటం నా అలవాటు. దాన్ని మానుకోమని మడుగు నన్నెప్పుడూ అడగలేదు.

కిందటిసారి ఆయన విసురుగా లేచేసరికి మధ్యాహ్నం తిరిగింది. మడుగులో బావ భార్య మోకాలి లోతు నీళ్లలో, ఆకాశం చూస్తూ, కాళ్లతో దుంపలు వెతుకుతోంది. గట్టెక్కే ముందు చిట్టివి ఏరి మడమతో బురదలోకి నొక్కింది.

"అప్పా, ఇంకా కొట్టు తెరిసే ఉంచినావేటి? పువ్వులు కట్టెత్తన్నాయి," అంది నవ్వుతూ.

నిజమే, ఒక్కొక్కటీ ముడుచుకుంటున్నాయి. ఇలా వ్యాపారం చేస్తే రెండో సంతకి దివాలా అన్నాడు మా నాన్న. నేను రెండు రెక్కలూ మూసి, గొళ్లెం పెట్టి, గోనె పట్టుకుని గట్టు మీదకి నడిచాను.